ముందు బ్రేక్ టక్కుమంటోంది, వెనక బ్రేక్ పట్టడం లేదు

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒక రోడ్ బైక్ తొక్కుతున్నాను. డిస్క్ బ్రేకులు కావు, రిమ్మును రెండు పక్కలా పట్టుకునే కాలిపర్ బ్రేకులు. కొన్ని నెలలుగా ముందు బ్రేక్ నొక్కగానే టక్కుమని చిన్న శబ్దం వస్తోంది, చేతికి అదురు తెలుస్తోంది. ఆ కాలిపర్ ఒక పక్క రబ్బరు ఎప్పుడూ రిమ్ముకు రాసుకుంటూ ఉంటుంది. చేత్తో నెట్టి మధ్యలోకి తెస్తే రెండు రోజులకే మళ్లీ పక్కకు పోతుంది. ఇక వెనక బ్రేక్ లివర్ దాదాపు హ్యాండిల్‌ను తాకేదాకా వస్తోంది. వైరు దగ్గరున్న అడ్జస్టర్‌ను తిప్పుతూ వచ్చాను, ఇప్పుడు తిప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. కాలిపర్లు రెండూ మార్చేయాలా? అలెన్ కీలు, స్పానర్లు ఉన్నాయి. చిన్న చిన్న రిపేర్లు చేసుకోగలను.

జవాబు: ముందుగా ఒక మాట. వెనక లివర్ హ్యాండిల్ దాకా వస్తున్నంత కాలం, ముందు కాలిపర్ కదులుతున్నంత కాలం ఈ సైకిల్‌ను రోడ్డెక్కించకండి. రెండు బ్రేకుల్లో ఒకటైనా బాగుంటే మెల్లగా నెట్టుకురావచ్చు అనుకుంటాం. మీకు రెండూ బాగా లేవు.

ఇక కాలిపర్లు మార్చే సంగతి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మార్చాల్సిన అవసరం రాకపోవచ్చు. మూడు ఫిర్యాదులు చెప్పారు కానీ, నాకు రెండు సమస్యలే కనిపిస్తున్నాయి. ముందు బ్రేక్ టక్కుమనడం, అదే కాలిపర్ మాటిమాటికీ పక్కకు జరగడం చాలావరకు ఒకే కారణం వల్ల వస్తాయి: కాలిపర్‌ను ఫోర్క్‌కు (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములకు) పట్టి ఉంచే బోల్టు వదులవడం. తలుపు బందు వదులైనప్పుడు తలుపును ఎంత సరిగ్గా మూసినా మళ్లీ వాలిపోయినట్టే, ఆ బోల్టు వదులుగా ఉన్నంతసేపు కాలిపర్‌ను మీరు ఎన్నిసార్లు మధ్యకు తెచ్చినా నిలవదు. వెనక బ్రేక్ సంగతి వేరు. అక్కడ రబ్బర్లు అరుగుతూ వచ్చాయి, ఆ అరుగుదలను మీరు అడ్జస్టర్‌తో పూడుస్తూ వచ్చారు.

బ్రేక్ సరిగ్గా పట్టకపోతే అందరి చెయ్యీ మొదట ఆ అడ్జస్టర్ మీదికే పోతుంది. దాన్ని తిప్పడానికి పనిముట్లు అక్కర్లేదు, తిప్పగానే లివర్ గట్టిపడుతుంది కాబట్టి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి అది చేసేది ఒకటే: వైరును కొద్దిగా బిగిస్తుంది. బోల్టు వదులైనా, కీలు ఊగుతున్నా, రబ్బరు అరిగినా, వైరు లోపల తుప్పు పట్టినా, అన్నిటినీ కొన్నాళ్లు మరుగున పెడుతుంది. అందుకే అడ్జస్టర్ వంతు అన్నిటికంటే చివర రావాలి. పని ఫ్రేము దగ్గర మొదలై లివర్ వైపు సాగాలి: మొదట కాలిపర్‌ను పట్టి ఉంచే బోల్టు, తర్వాత కాలిపర్ చేతుల కీళ్లు, ఆ తర్వాత రబ్బర్లు, వైరు, ఆఖర్న అడ్జస్టర్. ఈ వరస నా చాదస్తం అనుకోకండి. వరసలో మొదట రావాల్సినది వదులుగా ఉండగా తర్వాతిది సరిచేస్తే, ఆ మొదటిది బిగించగానే మీ సెట్టింగ్ అంతా చెదిరిపోతుంది.

స్పానర్ పట్టుకునే ముందు ఊగుతున్నది ఏదో కచ్చితంగా కనుక్కోండి. ఈ పనికి పది నిమిషాలు పెట్టండి, తర్వాత గంటలు మిగులుతాయి. సైకిల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రబ్బరు బిగించి ఉన్న చోట కాలిపర్ చేతిని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. అలా ఊపుతూ, కాలిపర్‌కూ ఫోర్క్‌కూ మధ్య అతుకు మీద మరో చేతి వేలు ఆనించండి. ఆ అతుకు దగ్గరే కదలిక తెలిస్తే కాలిపర్‌ను పట్టి ఉంచే బోల్టు, అంటే మౌంటింగ్ బోల్టు, వదులైంది. కాలిపర్ వెనక భాగం స్థిరంగా ఉండి చేతులు మాత్రమే ఊగుతుంటే కీలు వదులైంది. చేయి గట్టిగానే ఉండి రబ్బరు పట్టిన షూ కదులుతుంటే దాని బోల్టు. షూ గట్టిగా ఉండి అందులోని రబ్బరు మాత్రమే జారుతుంటే, దాన్ని పట్టి ఉంచే బుల్లి స్క్రూ.

కాలిపర్ తప్పు ఏమీ లేకుండా కూడా ఇదే శబ్దం వచ్చే అవకాశం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయకండి. ముందు బ్రేక్ నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ తోస్తే వచ్చే టక్కు శబ్దం హెడ్‌సెట్‌ది కావచ్చు, అంటే ఫోర్క్ తిరిగే బేరింగుల్లో ప్లే (వదులు) ఉందన్నమాట. ఈ రెండిటినీ విడదీయడం తేలిక. హ్యాండిల్‌ను పూర్తిగా పక్కకు తిప్పి, చక్రం అడ్డంగా ఉండగా బ్రేక్ నొక్కకుండానే సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్‌సెట్ కప్పు మీద వేలు పెట్టి చూస్తే అప్పుడు కూడా టక్కు తెలుస్తోందంటే అది బేరింగులదే, కాలిపర్ బోల్టు ఎంత బిగించినా పోదు. అలాగే చక్రాన్ని పట్టుకుని కుడికీ ఎడమకూ ఊపండి. రిమ్ము ఊగితే చక్రం మధ్యనున్న హబ్ బేరింగుల్లో ప్లే ఉంది. ఈ రెండూ లేవని తేలాకే కాలిపర్ మీదికి రండి.

మౌంటింగ్ బోల్టు సంగతికి వద్దాం, మీ ముందు బ్రేక్ గోల అక్కడే తేలుతుందని నా నమ్మకం. ముందు కాలిపర్ బోల్టు ఫోర్క్ తల గుండా వెనక్కి పోతుంది, వెనకవైపు లోపలికి దిగిన ఒక గొట్టం లాంటి నట్టు దాన్ని పట్టుకుంటుంది. దానికి 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. పాత సైకిళ్లలో బయటికి కనిపించే మామూలు నట్టు ఉంటుంది, దానికి 10 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. వెనక కాలిపర్‌కు ఆ నట్టు సీటు ట్యూబు వైపు ఉంటుంది, అక్కడ చోటు ఇరుకు కాబట్టి పొడవాటి అలెన్ కీ ఉంటే సుఖం.

మీరు వెంటనే బిగించేయకండి, ఒకసారి పూర్తిగా విప్పి చూడండి. నాలుగేళ్లుగా తొక్కుతున్న సైకిల్‌లో అక్కడ మట్టి, తుప్పు చేరి ఉంటాయి, వాటి మీదే బిగిస్తే మళ్లీ వదులవుతుంది. కాలిపర్‌కూ ఫోర్క్‌కూ మధ్య పళ్లున్న వాషరు ఒకటి ఉండాలి. కాలిపర్ పక్కకు తిరగకుండా ఆపేది ఆ పళ్లే. చాలా సైకిళ్లలో ఎప్పుడో విప్పి బిగించినప్పుడు ఆ వాషరు పోయి ఉంటుంది, లేదా పళ్లు అరిగి నున్నబడి ఉంటాయి. మీ కాలిపర్ మాటిమాటికీ జరగడానికి అదే కారణం కావచ్చు. లేకపోతే తెచ్చి వేయండి, చిన్న వస్తువే. బోల్టు, నట్టు మరలను పాత బ్రష్‌తో తుడవండి. ఫోర్క్ తల మీద ఆ బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో మంచి వెలుతురులో చూడండి, ముఖ్యంగా ఫోర్క్ కార్బన్‌దైతే. గీత లాంటిది ఏది కనిపించినా ఇక మీరు ముందుకు పోవద్దు, మెకానిక్‌కు చూపించండి.

ఇప్పుడు నట్టును వేళ్లతోనే ఎక్కించండి. కనీసం ఆరేడు పూర్తి చుట్లు మరల మీద తిరగాలి. రెండు మూడు చుట్లకే గట్టిపడితే, ఆ నట్టు మీ ఫోర్క్ మందానికి పొట్టిదని అర్థం. ఈ నట్లు వేర్వేరు పొడవుల్లో దొరుకుతాయి, కార్బన్ ఫోర్క్‌లకు తరచుగా పొడవైనవి కావాలి. రెండు మూడు మరల మీద వేలాడే బ్రేక్ పైకి గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, గట్టిగా బ్రేక్ వేసిన రోజున ఊడి వస్తుంది. ఈ ఒక్క సంగతిని మాత్రం నిర్లక్ష్యం చేయకండని బతిమాలి చెబుతున్నాను. ముందు కాలిపర్ బోల్టు, వెనకదాని కంటే పొడవుగా ఉంటుంది. అందుకే రెండు కాలిపర్లూ ఒకేసారి విప్పితే అటుదిటు కాకుండా చూసుకోండి.

బిగించే ముందు చక్రం ఫోర్క్‌లో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. చక్రం ఒక పక్కకు వాలి ఉంటే కాలిపర్‌ను మధ్యకు తేవడం వృథా శ్రమ. చక్రం విప్పి, సైకిల్‌ను నేల మీద నిలబెట్టి, ఇరుసు పూర్తిగా పైకి ఆనేలా పెట్టి మళ్లీ బిగించండి. తర్వాత చక్రాన్ని తిప్పి రిమ్ము వంకర తిరుగుతోందేమో గమనించండి. ఒక చోట మాత్రమే రబ్బరు రాసుకుంటుంటే ఆ తప్పు చక్రంలోనే ఉంది, స్పోకులు సరిచేయించాలి. ఇవి రెండూ బాగున్నాక లివర్ గట్టిగా నొక్కి పట్టండి. రబ్బర్లు రెండూ రిమ్మును కరిచి పట్టుకుని కాలిపర్‌ను వాటంతట అవే మధ్యలోకి తెస్తాయి. అలా నొక్కి పట్టే ఉంచి నట్టు బిగించండి.

ఎంత బిగువు? చాలా కంపెనీలు ఈ బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చెబుతాయి. మీ కాలిపర్ మీదో ఫోర్క్ మీదో అంకె రాసి ఉంటే అదే పాటించండి. బిగువును కొలిచే టార్క్ రెంచ్ లేనివాళ్లకు ఒక లెక్క: 8 సెంటీమీటర్ల పొడవున్న అలెన్ కీ చివర దాదాపు 10 కిలోల బరువు వేసినంత బలంతో నొక్కితే 8 న్యూటన్ మీటర్లు వస్తుంది. అంటే వేళ్లతో తిప్పేది చాలదు, ఒళ్లంతా ఆనించి నొక్కేది మరీ ఎక్కువ. ఫోర్క్ కార్బన్‌దైతే మాత్రం ఈ అంచనాలను నమ్ముకోకుండా టార్క్ రెంచ్ అడిగి తెచ్చుకోండి. నట్టులో నైలాన్ రింగు లేకపోతే మరల మీద ఒక్క చుక్క నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలను పట్టి ఉంచే జిగురు) వేయండి, అదురుకు వదులవదు. ఎర్రది వద్దు, మళ్లీ విప్పడం కష్టమైపోతుంది.

ఇది బిగించాక కూడా రబ్బర్ల దూరం రెండు పక్కలా సమానంగా లేకపోతే, కాలిపర్ పైభాగంలోనో పక్కనో ఉన్న చిన్న సెంటరింగ్ స్క్రూను వాడండి. ఎటు తిప్పితే ఎటు జరుగుతుందనేది మోడల్‌ను బట్టి మారుతుంది. పావు చుట్టు తిప్పి, లివర్ ఒకసారి నొక్కి వదిలి, చూడండి. ఈ స్క్రూ ఉన్నది మిల్లీమీటరులోపు తేడా సరిచేయడానికే. కాలిపర్ అంతా పక్కకు వాలి ఉంటే దాన్ని ఈ స్క్రూతో లాక్కురావాలని చూడకండి, మౌంటింగ్ బోల్టు వదులు చేసి మళ్లీ మొదటినుంచి రండి.

కీళ్ల విషయం కాస్త ఓపికగా చూడాలి. ఇప్పటి రోడ్ బైక్ కాలిపర్లలో ఎక్కువ భాగం డ్యుయల్ పివట్ రకం. ఒక చేయి మధ్య బోల్టు మీద, రెండోది పక్కనున్న మరో కీలు మీద తిరుగుతుంది. పాత రకంలో రెండు చేతులూ మధ్య బోల్టు మీదే తిరుగుతాయి, ముందువైపు ఒక పల్చటి నట్టు, దాని మీద మరో నట్టు కనిపిస్తాయి. పాత రకంలో పద్ధతి ఇది: పల్చటి నట్టును ఒక స్పానర్‌తో పట్టుకుని పై నట్టును వదులు చేయాలి, పల్చటి దాన్ని ఊగుడు పోయేదాకా కొద్దికొద్దిగా బిగించాలి, తర్వాత దాన్ని కదలకుండా పట్టుకుని పై నట్టుతో లాక్ చేయాలి. లాక్ చేసేటప్పుడు సెట్టింగ్ కాస్త మారుతుంది కాబట్టి ఒకటి రెండుసార్లు చేయాల్సి వస్తుంది. డ్యుయల్ పివట్ రకంలో కీలు బోల్టును కదలకుండా పట్టే చిన్న స్క్రూ గానీ, వెనక పల్చటి లాక్ నట్టు గానీ ఉంటుంది. ముందు దాన్ని వదులు చేయాలి, కీలు బోల్టును చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పి చూసుకోవాలి, చివర్లో మళ్లీ లాక్ చేయాలి. లాక్ వదలకుండా బలవంతంగా తిప్పితే మరలు పోతాయి.

సరైన బిగువు ఎక్కడో చేతికే తెలుస్తుంది. వైరు విప్పేసి కాలిపర్ చేతులను వేళ్లతో దగ్గరికి నొక్కి వదలండి. ఎక్కడా పట్టకుండా మూసుకోవాలి, వదలగానే స్ప్రింగు బలంతో టక్కున తెరుచుకోవాలి. బద్ధకంగా తెరుచుకుంటే కీలు ఎక్కువ బిగిసింది, లేదా మురికి పట్టింది. మురికైతే సబ్బు నీళ్లు, బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, చుట్టూ ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. చక్రం తీసి పెట్టుకుని చేయండి ఈ పని. స్ప్రే నూనెలు ఇక్కడ వాడొద్దు. తుంపర రిమ్ము మీద పడిందంటే ఉన్న బ్రేక్ కూడా పోతుంది. కీలు బిగించడానికి ఏర్పాటే లేని చవక కాలిపర్లు కూడా ఉంటాయి, వాటి చేతులు రివెట్ కొట్టినట్టు ఉంటాయి. అవి గలగలమని ఊగుతుంటే, కాలిపర్ మార్చాల్సిన సందర్భాల్లో అది ఒకటి. చేయి చివర పట్టుకుని ఊపితే వెంట్రుకవాసి కదలిక తెలియడం మాత్రం జబ్బు కాదు, దాని కోసం కంగారుపడి అతిగా బిగించకండి.

ఇప్పుడు రబ్బర్లు. మీ వెనక బ్రేక్ కథ ఇక్కడ మొదలవుతుంది. కొత్త రబ్బరు మీద అడ్డంగా గాడులు ఉంటాయి. ఆ గాడులు దాదాపు మాయమైతే దాని ఆయుష్షు తీరింది. గాడులు ఉన్నా, నాలుగేళ్ల పాత రబ్బరు గట్టిపడి మెరుస్తూ ఉండొచ్చు, గోరు గుచ్చితే దిగదు. అలాంటిది ఎంత బలంగా నొక్కినా రిమ్ము మీద జారుతుందే తప్ప పట్టదు. ఇంకా మందం ఉంటే ఇసుక కాగితంతో పై పొర గీకి చూడొచ్చు గానీ, మీ విషయంలో నా సలహా నాలుగు రబ్బర్లూ కొత్తవి వేయమనే. తీసిన వాటిని ఒకసారి పరీక్షగా చూడండి, వెండిలా మెరిసే అల్యూమినియం ముక్కలు గుచ్చుకుని ఉంటాయి. గరగరమనే శబ్దానికీ, రిమ్ము మీద గీతలకూ అవే కారణం. కొత్తవి వేశాక కూడా అప్పుడప్పుడు పిన్నుతో తీసేస్తుండండి. రిమ్ములు కార్బన్‌వైతే వాటికోసం చేసిన రబ్బర్లే వేయాలి. అల్యూమినియం రిమ్ము మీద వాడిన వాటిని కార్బన్ మీదికి మార్చకూడదు, అందులో గుచ్చుకున్న లోహం ముక్కలు కార్బన్‌ను కోసేస్తాయి.

షూలోకి జారించే రకం రబ్బరైతే, షూ మూసి ఉన్న కొస సైకిల్ ముందువైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే, బ్రేక్ వేసినప్పుడు తిరిగే రిమ్ము రబ్బరును లాగి బయటికి విసిరేస్తుంది. షూల మీద కుడి, ఎడమ గుర్తులు ఉంటాయి, కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

రబ్బరు రిమ్ము అంచుకు ఒక మిల్లీమీటరు కిందుగా కూర్చోవాలి. టైరుకు ఏ కోశానా తగలకూడదు, కొన్ని రోజుల్లోనే టైరు పక్కను కోసి పేల్చేస్తుంది. కిందికి జారి రిమ్ము దాటినా ప్రమాదమే. డ్యుయల్ పివట్ కాలిపర్లలో ఒక సూక్ష్మం ఉంది. రెండు చేతులూ వేర్వేరు చోట్ల తిరుగుతాయి కాబట్టి, రబ్బర్లు అరిగేకొద్దీ పక్క కీలు మీద తిరిగే చేతి రబ్బరు మెల్లగా టైరు వైపు ఎక్కుతుంది, మధ్య బోల్టు మీద తిరిగే చేతిది కిందికి దిగుతుంది. కాబట్టి మొదటిదాన్ని కాస్త కిందుగా, రెండోదాన్ని కాస్త పైగా పెట్టుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. షూ బోల్టుకు ఎక్కువగా 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది, బిగువు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. బిగించేటప్పుడు షూ కూడా బోల్టుతో పాటు తిరగాలని చూస్తుంది, ఇంకో చేత్తో పట్టుకోండి.

బ్రేక్ కీచుమంటుంటే రబ్బరు ముందు కొస రిమ్మును ముందుగా తాకేలా కొద్దిగా వాలుగా పెట్టండి, వెనక కొస దగ్గర అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు ఎడం చాలు. రబ్బరు వెనక కొసకూ రిమ్ముకూ మధ్య మందపాటి కాగితం ముక్క పెట్టి, లివర్ నొక్కి పట్టి బోల్టు బిగిస్తే ఆ వాలు దానంతట అదే వస్తుంది. శబ్దం లేకపోతే దీని జోలికి పోనక్కర్లేదు. మరీ ఎక్కువ వాలు పెడితే లివర్ మెత్తబడుతుంది.

రబ్బర్లు మార్చినప్పుడు రిమ్మును కూడా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా. పనిలో పనిగా రిమ్ము బ్రేక్ పట్టే భాగాన్ని వేలితో తడిమి చూడండి. కొన్ని రిమ్ములకు అక్కడ చుట్టూ సన్నటి గాడి గానీ, చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనిపించకుండా అరిగిపోయినా, ఆ భాగం లోపలికి గిన్నెలా వంగినట్టు తెలిసినా రిమ్ము పని అయిపోయింది. పల్చబడిన రిమ్ము టైరులో గాలి ఒత్తిడికే చీలిపోగలదు.

ఇక వైరు. వెనక వైరు విప్పే ముందు కాలిపర్ పక్కనున్న చిన్న క్విక్ రిలీజ్ మీట మూసి ఉందో లేదో చూడండి. చక్రం తీయడానికి దాన్ని తెరిచి మళ్లీ మూయడం మరిచిపోతే లివర్ అచ్చంగా మీరు చెప్పినట్టే హ్యాండిల్ దాకా వస్తుంది. కొన్ని కంపెనీల బ్రేకుల్లో ఇది కాలిపర్ మీద కాకుండా లివర్ దగ్గర ఉంటుంది. అది మూసే ఉందనుకుంటే, అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటి రెండు చుట్లు మాత్రం బయటికి తీయండి. ఇప్పుడు మీది ఉన్నట్టు చివరి మరల దాకా బయటికి లాగి ఉంచడం మంచిది కాదు, అది విరిగినా ఊడినా వైరు మొత్తం వదిలేస్తుంది.

వైరును పట్టే బోల్టు వదులు చేసి, ఇన్నర్ వైరును ఔటర్‌లో (పై తొడుగులో) ముందుకూ వెనక్కూ జరపండి. నున్నగా జారాలి. గరగరమంటూ పట్టేస్తుంటే, ఔటర్ ఎక్కడైనా మడతపడి ఉంటే, ఇన్నర్ చివర పోగులు తెగి విడిపోయి ఉంటే రెండూ కొత్తవి వేయండి. ముఖ్యంగా లివర్ లోపల వైరు తల ఉండే చోట చూడండి, అక్కడ ఒక్క పోగు తెగినా మిగతావి ఎంతో కాలం ఆగవు. బ్రేక్‌కు బ్రేక్ ఔటరే వాడాలి. గేర్ వైరు ఔటర్ చూడ్డానికి అలాగే ఉన్నా దాని లోపలి ఉక్కు తీగలు పొడవునా నిటారుగా ఉంటాయి, బ్రేక్ బలానికి అవి చీల్చుకుని బయటికి రావచ్చు. బ్రేక్ ఔటర్‌లో ఉక్కు చుట్టలు చుట్టి ఉంటుంది.

తర్వాత రబ్బర్లను చేత్తో రిమ్ముకు దగ్గరగా నొక్కి, వైరును లాగి పట్టుకుని బోల్టు బిగించండి, 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. వదిలితే ఒక్కో పక్క రెండు మిల్లీమీటర్ల దాకా ఎడం ఉండాలి. ఇప్పుడు లివర్‌ను మీ బలమంతా పెట్టి పది పదిహేనుసార్లు నొక్కండి. కొత్త వైరు సర్దుకుంటుంది, ఔటర్ కొసలు టోపీల్లో కూర్చుంటాయి, దాంతో లివర్ కాస్త వదులవుతుంది. ఆ వదులును తీసేయడానికే అడ్జస్టర్ ఉన్నది. ఇప్పుడు తిప్పండి దాన్ని, ఒకటి రెండు చుట్లు.

వెనక బ్రేక్ ఎంత బాగా సర్దినా ముందు దానంత గట్టిగా చేతికి తగలదు, దాని కోసం మళ్లీ మళ్లీ బిగించకండి. వెనక వైరు పొడవు ఎక్కువ, ఔటర్ వంపులు ఎక్కువ, నొక్కిన బలంలో కొంత వాటిని నొక్కడానికే పోతుంది. పైగా గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి అసలు ఆపే పని చేసేది ముందు బ్రేకే. వెనక లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు ఒక వేలి మందం దూరంలో ఆగితే అది బాగున్నట్టే లెక్క.

పరీక్ష కూడా రోడ్డు మీద మొదలు పెట్టొద్దు. సైకిల్ పక్కన నిలబడి ముందుకు నెడుతూ ముందు బ్రేక్ నొక్కండి, వెనక చక్రం లేవాలి, టక్కు శబ్దం రాకూడదు. వెనక బ్రేక్ నొక్కితే వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ రావాలి. తర్వాత ఖాళీ చోట మెల్లగా తొక్కుతూ ఒక్కో బ్రేకును విడివిడిగా వేసి చూడండి. కొత్త రబ్బర్లు మొదట్లో కాస్త తక్కువ పడతాయి, కొన్నిసార్లు మెల్లగా బ్రేక్ వేస్తే రిమ్ముకు అలవాటు పడతాయి. మొదటిసారి బయటికి వెళ్లి వచ్చాక మౌంటింగ్ నట్లు రెండూ, షూ బోల్టులు నాలుగూ, వైరు బోల్టులు రెండూ మళ్లీ కీ పెట్టి చూడండి.

ఇంత చేశాక కూడా కీళ్లు గలగలమంటున్నా, స్ప్రింగు చేతులను తిరిగి తెరవలేకపోతున్నా, మరలు పోయినా అప్పుడు కొత్త కాలిపర్లు కొనండి. కొనేముందు మౌంటింగ్ బోల్టు మధ్య నుంచి రిమ్ము మీద రబ్బరు పట్టే గీత మధ్య దాకా కొలవండి. రేసింగ్ తరహా సైకిళ్లలో అది 39 నుంచి 49 మిల్లీమీటర్ల మధ్య, వెడల్పు టైర్లు, మడ్‌గార్డులు పట్టేలా చేసిన వాటిలో 47 నుంచి 57 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ముందుకూ వెనకకూ రెండుచోట్లా కొలవండి, ఒక్కోసారి తేడా ఉంటుంది. ఆ రెండు అంకెలూ, మీ లివర్ల కంపెనీ, మోడల్ రాసుకుని వెళితే అమ్మేవాళ్లు లివర్‌కు సరిపడే కాలిపర్ ఇవ్వగలుగుతారు. లివర్ లాగే వైరు పొడవు కాలిపర్‌కు కుదరకపోతే, ఎంత ఖరీదైనది వేసినా బ్రేక్ మెత్తగానో మరీ మొరటుగానో ఉంటుంది.